డైరీ రాసేదీ వాళ్లే

2006 నవంబర్ 11 మధ్యాహ్నం. నవీ ముంబైలోని వాశిలో మఫ్టీలో వచ్చిన కొందరు ఇద్దరు స్నేహితులను పట్టుకుని బండెక్కించుకుపోయారు. వాళ్లలో ఒకరి పేరు రామ్‌నారాయణ్ గుప్తా. ముంబై పోలీసు రికార్డుల్లో అతను లఖన్ భయ్యా. కబురు అందగానే, లాయరుగా పనిచేస్తున్న అతని సోదరుడు పోలీసు కమిషనర్లకు టెలిగ్రాంలు, ఫ్యాక్సులు పంపాడు. పోలీసులే ఎత్తుకెళ్లారని, ఎన్‌కౌంటర్ పేరుతో చంపేస్తారేమోనని భయంగా ఉందని వాటి సారాంశం. ఆ రాత్రి వెర్సోవాలోని నానా నానీ పార్కు దగ్గర లఖన్ భయ్యా ఎదురుకాల్పుల్లో చనిపోయాడని పోలీసులు ప్రకటించారు. లొంగిపొమ్మంటే వినలేదని, తుపాకీ తీశాడని, ఆత్మరక్షణకు కాల్చాల్సి వచ్చిందని వెర్సోవా స్టేషన్‌లో కేసు రాసుకున్నారు.

పోలీసులు రాసుకున్న కథ పక్కాగానే ఉంది. దానికి అడ్డం పడింది టెలిగ్రాం. దాని మీద తేదీ ఉంది, వేళ ఉంది. కాల్పులు జరిగాయని పోలీసులు చెప్పిన సమయం కంటే ముందే, ఇలాంటిది జరగబోతోందని ఒక మనిషి రాతపూర్వకంగా చెప్పాడు. పార్కు దగ్గరికి తానుగా వచ్చాడని పోలీసులు చెబుతున్న మనిషి, మధ్యాహ్నం నుంచీ పోలీసుల చేతుల్లోనే ఉన్నాడనడానికి అది బలమైన ఆధారం. మెజిస్ట్రేట్ విచారణలో పోలీసుల కథ నిలవలేదు. బాంబే హైకోర్టు 2009లో ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. 2013 జులైలో సెషన్స్ కోర్టు 21 మందిని దోషులుగా తేల్చి యావజ్జీవం వేసింది. వాళ్లలో 13 మంది పోలీసులు. కాల్పులు జరిపిన పోలీసు బృందానికి నాయకుడని ప్రాసిక్యూషన్ చెప్పిన ప్రదీప్ శర్మ మాత్రం నిర్దోషిగా బయటికొచ్చాడు. ఎన్‌కౌంటర్ స్పెషలిస్టుగా దేశమంతా పేరున్న అధికారి ఆయన.

అప్పీళ్లు హైకోర్టుకు వెళ్లాయి. శిక్ష పడ్డవాళ్లు తమ శిక్షల మీద, ప్రభుత్వం, మృతుడి సోదరుడు శర్మ విడుదల మీద. 2024 మార్చి 19న జస్టిస్ రేవతి మోహితే డేరే, జస్టిస్ గౌరీ గాడ్సేల ధర్మాసనం తీర్పు చెప్పింది. ప్రదీప్ శర్మ నిర్దోషిత్వాన్ని కొట్టేసి యావజ్జీవం వేసింది. 12 మంది పోలీసులకు, ఒక పౌరుడికి శిక్షలు నిలిపింది. ఆరుగురు పౌరులను వదిలేసింది. శర్మ సుప్రీంకోర్టుకు వెళ్లాడు. అక్కడ ఆయనకు లొంగిపోకుండా ఊరట దొరికింది.

ఇలా కింది కోర్టు వదిలేసిన మనిషిని పై కోర్టు హంతకుడని తేల్చడం మన న్యాయవ్యవస్థలో చాలా అరుదు. ప్రతి ముద్దాయీ నిర్దోషేనన్న భావనతో విచారణ మొదలవుతుంది. విచారణ ముగిసి నిర్దోషని తీర్పు వస్తే ఆ భావన రెండింతలు బలపడుతుంది. ఒకే సాక్ష్యం నుంచి రెండు అభిప్రాయాలకు వీలుంటే కింది కోర్టు తీసుకున్నదాన్నే పై కోర్టు ఉంచాలి. 2007లో చంద్రప్ప కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాలను మరోసారి స్పష్టంగా చెప్పింది. సాక్ష్యాన్ని కింది కోర్టు పూర్తిగా తప్పుదారిలో చదివిందని తేలితేనే పై కోర్టు కల్పించుకోవాలి. ఈ నియమం పోలీసుకు వర్తిస్తుంది, పోలీసు పట్టుకొచ్చిన దొంగకూ వర్తిస్తుంది. వర్తించి తీరాలి. అందుకే పోలీసులు ముద్దాయిలైన హత్య కేసుల్లో అప్పీలు తీర్పులను చాలా జాగ్రత్తగా చదవాలి. చట్టం అందరికీ ఒకటే. సాక్ష్యం పుట్టే చోటు మాత్రం ఈ కేసుల్లో వేరు.

మామూలు హత్య కేసులో చంపినవాడు ఒకడు, దర్యాప్తు చేసేవాడు మరొకడు. పోలీసు కస్టడీలో చావు సంభవిస్తే ఈ తేడా చెరిగిపోతుంది. మనిషిని స్టేషన్‌కు తెచ్చిన వేళ జనరల్ డైరీలో రాసేది వాళ్లే. ఎప్పుడు వదిలేశారో రాసేదీ వాళ్లే. ఎఫ్‌ఐఆర్, పంచనామా, తుపాకీ దొరికిందన్న మెమో, తూటాల లెక్క, అన్నీ ఆ చేతుల మీదుగానే వస్తాయి. పంచనామా మీద సంతకం చేసే పంచులు కూడా చాలాసార్లు స్టేషన్‌కు అలవాటైన ముఖాలే. సెల్‌లో ఏం జరిగిందో చూసినవాళ్లలో ఒకడు చనిపోయాడు, మిగిలినవాళ్లు యూనిఫాంలో ఉన్నారు.

హుస్సేన్‌గంజ్‌లో ఒక పగలు

సుప్రీంకోర్టు ఈ ఇబ్బందిని నేరుగా ఎదుర్కొన్నది 1985 జనవరిలో, ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ రామ్‌సాగర్ యాదవ్ కేసులో. ఫతేపూర్ జిల్లాలో బ్రిజ్‌లాల్ అనే రైతు. పశువుల తగాదా ఒకటి స్టేషన్ దాకా వెళ్లింది. పోలీసులు లంచం అడుగుతున్నారని అతను జిల్లా ఎస్పీకి ఫిర్యాదు చేశాడు. 1969 ఆగస్టు 29 ఉదయం పోలీసులు అతన్ని పట్టుకుపోయారు. పట్టుకెళ్లేటప్పుడు మనిషి ఆరోగ్యంగా ఉన్నాడు. మధ్యాహ్నం రిమాండ్ కోసం మెజిస్ట్రేట్ ముందుకు తెచ్చేసరికి ఒళ్లంతా దెబ్బలు. హుస్సేన్‌గంజ్ స్టేషన్ దారోగా, కానిస్టేబుళ్లు కొట్టారని అతను మెజిస్ట్రేట్‌కు చెప్పాడు. ఆ సాయంత్రమే ప్రాణం పోయింది.

కొట్టినవాళ్లకు శిక్ష పడటానికి ఆధారమైంది మెజిస్ట్రేట్ తన చేత్తో రాసుకున్న ఆ వాంగ్మూలం. స్టేషన్ చేతికి అందని రాత అదొక్కటే. సెషన్స్ కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టు మళ్లీ శిక్షను నిలబెట్టింది. ఆ శిక్ష హత్యకు పడింది కాదు. హత్య స్థాయికి రాని నరహత్యకు, ఐపీసీ 304 రెండో భాగం కింద ఏడేళ్లు. తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ చట్టంలోని లోపాన్ని ఎత్తిచూపారు. కస్టడీలో ఉన్న మనిషికి గాయాలు ఎలా అయ్యాయో చెప్పగలిగేది పోలీసులే, వాళ్లేమో తమవాళ్ల కోసం నోరు మెదపరు, కాబట్టి రుజువు భారం విషయంలో చట్టాన్ని మార్చడం గురించి ప్రభుత్వం ఆలోచించాలని రాశారు.

పదేళ్ల తర్వాత, 1995లో, మధ్యప్రదేశ్‌లోని రాంపురా స్టేషన్ కేసులో అదే మాట మళ్లీ వచ్చింది. 1981లో నాథూ బంజారా అనే వ్యక్తిని పోలీసులు కొట్టి చంపారు. స్టేషన్‌లోని సబ్ ఇన్‌స్పెక్టర్ శ్యాంసుందర్ త్రివేది రికార్డులు మార్చి రాశాడు. శవాన్ని ఎవరూ లేని అనాథ శవంగా చూపి దహనం చేయించాడు. సెషన్స్ కోర్టు అందరినీ వదిలేసింది. హైకోర్టు సబ్ ఇన్‌స్పెక్టర్‌కు రికార్డులు మార్చినందుకు, సాక్ష్యం మాయం చేసినందుకు శిక్ష వేసి, చావుకు మాత్రం బాధ్యుడిగా చూడలేదు. ఇక్కడ ఆగి ఆలోచించాలి. శవం గురించి అబద్ధం రాసిన మనిషికి ఆ శవం ఎలా శవమైందో తెలియదని ఏ తర్కంతో నమ్మాలి? జస్టిస్ ఎ.ఎస్. ఆనంద్ రాసిన సుప్రీంకోర్టు తీర్పు ఆ తర్కాన్ని ఒప్పుకోలేదు. లాకప్ చావుల్లో కళ్లారా చూసిన సాక్షి కోసం పట్టుబట్టి, ప్రతి చిన్న సందేహం దగ్గరా ఆగిపోతే న్యాయమే జరగకుండా పోతుందని కోర్టులను గట్టిగా హెచ్చరించింది. పోలీసులకు 304 రెండో భాగం కింద శిక్షలు వేసింది.

గమనించండి, అక్కడా హత్య కాదు. మహారాష్ట్రలో 1993 నాటి నాగపూర్ లాకప్ చావు కేసు 2018లో సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడూ అంతే. నేరం ఒప్పించడానికి గాయపరిచారన్న 330 సెక్షన్ కింద మూడేళ్లుగా ఉన్న శిక్షను జస్టిస్ ఎన్.వి. రమణ, జస్టిస్ మోహన్ శాంతనగౌడర్ల ధర్మాసనం ఏడేళ్లకు పెంచింది. ఆ సెక్షన్‌కు గరిష్ఠ శిక్ష అంతే.

లాకప్‌లో కొడితే చంపాలన్న ఉద్దేశం లేదన్న వాదన తేలిగ్గా నిలుస్తుంది: మాట రాబట్టడానికే కొట్టాం, చంపడానికి కాదు అంటారు. చట్టం మాత్రం ఉద్దేశం దగ్గరే ఆగదు. 300వ సెక్షన్ ప్రకారం, కావాలని చేసిన గాయం మామూలుగా ప్రాణం తీయడానికి సరిపోయేదైతే అది హత్యే. భారతీయ న్యాయ సంహితలో అది ఇప్పుడు 101. గాయం ఆ స్థాయిదని చెప్పాల్సింది పోస్ట్‌మార్టం నివేదిక. దెబ్బల రంగు, లోతు, వయసు, ఏ అవయవం ఎంత చితికింది అన్నవి డాక్టరు ఒక్క పేజీలో తేల్చేస్తే హత్య కాస్తా నరహత్య అవుతుంది, నరహత్య గాయపరచడం అవుతుంది. అప్పీలు దశలో ఆ డాక్టర్ని మళ్లీ పిలిచి అడిగే సందర్భం దాదాపు ఉండదు. మొదటి రోజు రాసిందే చివరిదాకా మిగులుతుంది.

ఒకే మినహాయింపు, రెండు తీర్పులు

ఎన్‌కౌంటర్ కేసుల్లో తిప్పలు ఇంకో రకం. అక్కడ కాల్చింది తామేనని పోలీసులే చెబుతారు. చంపాలన్న ఉద్దేశం గురించి గొడవ లేదు. ఎందుకు కాల్చారన్నదే ప్రశ్న. ఆత్మరక్షణ నిజమైతే నేరమే లేదు. అది నిలవకపోతే పోలీసుల వైపు లాయర్లు పట్టుకునేది 300వ సెక్షన్‌లోని మూడో మినహాయింపు. ప్రభుత్వోద్యోగి తన విధి కోసం, తాను చేస్తున్నది చట్టబద్ధమని, అవసరమని సదుద్దేశంతో నమ్మి, మృతుడి మీద ఎలాంటి కక్షా లేకుండా అధికారం హద్దు దాటితే, ఆ చావు హత్య కాదు, నరహత్య మాత్రమే. తాను ఈ మినహాయింపులోకి వస్తానని చూపాల్సింది ముద్దాయే. పాత సాక్ష్యాల చట్టం 105 చెప్పింది అదే.

1997 మార్చి 31న ఢిల్లీలోని బారాఖంబా రోడ్డు మీద ఒక నీలం రంగు మారుతీ ఎస్టీమ్ కారును ఏసీపీ సత్యవీర్ సింగ్ రాఠీ నాయకత్వంలోని క్రైం బ్రాంచ్ బృందం చుట్టుముట్టి కాల్చింది. పోలీసులు వెతుకుతున్నది యాసీన్ అనే గ్యాంగ్‌స్టర్‌ను. చనిపోయింది ఇద్దరు వ్యాపారులు, గాయపడింది వాళ్ల మిత్రుడు. కారులోంచే ముందు కాల్చారని పోలీసులు అన్నారు. కారులో పిస్టల్ దొరికిందని చూపించారు. కేసు సీబీఐకి వెళ్లింది. పిస్టల్‌ను తర్వాత తెచ్చి పెట్టారని తేలింది. 2007లో ట్రయల్ కోర్టు, 2009లో ఢిల్లీ హైకోర్టు, 2011 మే 2న సుప్రీంకోర్టు, మూడూ హత్యేనన్నాయి. జస్టిస్ హెచ్.ఎస్. బేడీ, జస్టిస్ సి.కె. ప్రసాద్‌ల ధర్మాసనం ముందు మూడో మినహాయింపు వాదన వచ్చింది, నిలవలేదు. పొరపాటుపడి కాల్చినవాడు పొరపాటు జరిగిందని చెబుతాడు. కారులో పిస్టల్ పెట్టినవాడు సదుద్దేశం గురించి మాట్లాడే హక్కు పోగొట్టుకుంటాడు. నేనా తీర్పును అర్థం చేసుకున్నది ఇలా.

దీని పక్కన పిలిభిత్ తీర్పును పెట్టి చదవాలి. 1991 జులై 12న సిక్కు యాత్రికులు గురుద్వారాలు చూసుకుని తిరిగి వస్తున్న బస్సును ఉత్తరప్రదేశ్ పోలీసులు కఛ్‌లా ఘాట్ దగ్గర ఆపారు. స్త్రీలను, పిల్లలను, వృద్ధులను వదిలి, మగవాళ్లను దింపి తీసుకెళ్లారు. ఆ రాత్రి పిలిభిత్ జిల్లాలో మూడు వేర్వేరు చోట్ల మూడు ఎన్‌కౌంటర్లు జరిగాయని, పదిమంది చనిపోయారని ప్రకటించారు. సుప్రీంకోర్టు ఆదేశంతో సీబీఐ దర్యాప్తు జరిగింది. విచారణ ముగిసేలోపు ముద్దాయిల్లో పదిమంది చనిపోయారు. 2016 ఏప్రిల్‌లో సీబీఐ కోర్టు మిగిలిన 47 మంది పోలీసులకు హత్య కింద యావజ్జీవం వేసింది.

2022 డిసెంబర్ 15న అలహాబాద్ హైకోర్టు ఆ శిక్షను మార్చింది. ఎన్‌కౌంటర్ నిజమని హైకోర్టు నమ్మలేదు. నేరస్థుడన్నంత మాత్రాన మనిషిని చంపే అధికారం పోలీసులకు లేదని కూడా చెప్పింది. అయినా మృతుల్లో కొందరికి ఉగ్రవాద నేరచరిత్ర ఉందని, పోలీసులకు వాళ్లతో సొంత కక్షలు లేవని, అధికారం హద్దు దాటారు గానీ సదుద్దేశం ఉందని మూడో మినహాయింపు వర్తింపజేసి, 304 మొదటి భాగం కింద ఏడేళ్ల శిక్షకు తగ్గించింది.

నేను ఈ తీర్పుతో ఏకీభవించలేను. బస్సులోంచి దింపిన మనుషులు పగలంతా పోలీసుల చేతుల్లో ఉన్నారు. వాళ్లను మూడు గుంపులుగా విడదీశారు, మూడు చోట్లకు తీసుకెళ్లారు, మూడు ఎఫ్‌ఐఆర్‌లు రాశారు. ఇది అడవిలో ఎదురుపడ్డ క్షణంలో వేలు ట్రిగ్గర్ మీదికి జారిపోయిన సంఘటన కాదు. సొంత కక్ష లేదన్నది నిజమే కావచ్చు. కిరాయి హంతకుడికి కూడా సొంత కక్ష ఉండదు. మూడో మినహాయింపుకు కక్ష లేకపోవడం ఒక్కటే చాలదు, చేస్తున్నది చట్టబద్ధమన్న నమ్మకం కూడా కావాలి. చేతికి చిక్కిన మనిషిని కాల్చడం చట్టబద్ధమని ఏ కానిస్టేబుల్ నమ్మగలడు? నమ్మితే తప్పుడు ఎఫ్‌ఐఆర్ రాయాల్సిన అవసరం ఎందుకొచ్చింది? బారాఖంబా కేసులో కల్పించిన సాక్ష్యం ముద్దాయిల సదుద్దేశాన్ని పడగొట్టింది. పిలిభిత్‌లో కల్పించిన ఎన్‌కౌంటర్ ఆ పని ఎందుకు చేయలేదో తీర్పు చదివినా నాకు సమాధానం దొరకలేదు.

శవం లేకుండా

రుజువు దొరకదన్న నిస్పృహకు పంజాబ్ నుంచి ఒక జవాబు ఉంది. జస్వంత్ సింగ్ ఖల్రా బ్యాంకు ఉద్యోగి, మానవ హక్కుల కార్యకర్త. పంజాబ్‌లో మాయమైన మనుషులు ఏమయ్యారో తెలుసుకోవడానికి ఆయన అమృత్‌సర్ జిల్లా శ్మశానాల రిజిస్టర్లు తిరగేశాడు. పోలీసులు అనాథ శవాలుగా దహనం చేయించిన పద్దులు, కట్టెలు కొన్న లెక్కలు బయటపెట్టాడు. 1995 సెప్టెంబర్ 6న ఇంటి ముందు కారు కడుక్కుంటుండగా పోలీసులు ఎత్తుకుపోయారు. ఆయన శవం ఈ రోజుకీ దొరకలేదు.

శవమే లేనప్పుడు హత్య అని ఎలా అంటారన్నదే ముద్దాయిల ప్రధాన వాదన. ఎత్తుకెళ్లడాన్ని చూసినవాళ్లు ఉన్నారు. ఖల్రాను స్టేషన్‌లో దాచి ఉంచడం, చంపి కాలువలో పడేయడం గురించి స్పెషల్ పోలీస్ ఆఫీసరుగా పనిచేసిన ఒక వ్యక్తి సాక్ష్యం చెప్పాడు. అతను నోరు విప్పింది కొన్నేళ్ల తర్వాత. ఆ ఆలస్యాన్ని పట్టుకుని అతని మాట చెల్లదన్నారు. భయం వల్లే అంతకాలం మాట్లాడలేదన్న వివరణను కోర్టు నమ్మింది. 2005లో పాటియాలా కోర్టు శిక్షలు వేసింది. 2007లో పంజాబ్-హర్యానా హైకోర్టు నలుగురి శిక్షను ఏడేళ్ల నుంచి యావజ్జీవానికి పెంచింది. 2011 నవంబర్ 4న జస్టిస్ పి. సదాశివం, జస్టిస్ బి.ఎస్. చౌహాన్‌ల ధర్మాసనం దాన్ని ఖాయం చేసింది. శవం దొరకాలన్న నియమమేదీ లేదని, చావు జరిగిందని నమ్మదగ్గ సాక్ష్యం ఉంటే చాలని చెప్పింది. మనిషిని పోలీసులు ఎత్తుకెళ్లారని ప్రాసిక్యూషన్ రుజువు చేశాక, ఆ తర్వాత ఏమయ్యాడన్నది వాళ్లకే తెలిసిన విషయం, వాళ్లే చెప్పాలి అని సాక్ష్యాల చట్టం 106వ సెక్షన్‌ను వర్తింపజేసింది.

ఈ 106ను చాలామంది అపార్థం చేసుకుంటారు. ముద్దాయి తన నిర్దోషిత్వాన్ని తానే రుజువు చేసుకోవాలని అది చెప్పదు. ప్రాసిక్యూషన్ తన బరువు మోసి, ‘ఇతను పోలీసుల అధీనంలో ఉన్నాడు’ అన్నచోటుదాకా వచ్చాకే అది పనిచేస్తుంది. అందుకే కేసు మొత్తం ఆ ఒక్క చోటు చుట్టూ తిరుగుతుంది. మనిషి ఎప్పటినుంచి ఎవరి చేతిలో ఉన్నాడు? లఖన్ భయ్యా కేసులో దానికి జవాబు టెలిగ్రాం చెప్పింది. బ్రిజ్‌లాల్ కేసులో మెజిస్ట్రేట్ చెప్పాడు. 1996 డిసెంబర్‌లో డి.కె. బసు తీర్పు అరెస్టు మెమో రాయాలని, దాని మీద వేళ వేసి కుటుంబసభ్యుడితోనో స్థానికుడితోనో సంతకం చేయించాలని, బంధువులకు తెలపాలని, 48 గంటలకోసారి డాక్టరు పరీక్ష చేయించాలని చెప్పింది. వాటిని మానవ హక్కుల మర్యాదలుగా చూస్తాం గానీ, హత్య కేసులో అవి ప్రాణం లాంటి సాక్ష్యాలు. స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టి దృశ్యాలను భద్రపరచాలని 2020 డిసెంబర్‌లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ ఇందుకే.

అప్పీలు కోర్టు పోలీసులను వదిలిపెడితే ప్రతిసారీ అన్యాయమేనని అనను. 2009లో డెహ్రాడూన్‌లో ఎంబీఏ విద్యార్థి ఒకరిని పోలీసులు కాల్చి చంపిన కేసులో ట్రయల్ కోర్టు 17 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2018లో ఢిల్లీ హైకోర్టు ఏడుగురికే దాన్ని నిలిపింది. మిగిలినవాళ్లు ఆ కుట్రలో ఉన్నారనడానికి సాక్ష్యం చాలలేదు. ఎవరి పాత్ర ఏమిటో విడివిడిగా తూచిన ఆ తీర్పును నేను గౌరవిస్తాను. తిరువనంతపురంలోని ఫోర్ట్ స్టేషన్‌లో 2005లో ఒక యువకుణ్ని తొడల మీద ఇనుప పైపు దొర్లించి చంపారన్న కేసు మాత్రం గుండె తరుక్కుపోయేలా ముగిసింది. 2018లో సీబీఐ కోర్టు ఇద్దరు పోలీసులకు మరణశిక్ష వేసింది. 2025 ఆగస్టులో కేరళ హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. సీబీఐ దర్యాప్తు తీరు, సాక్షులను ముద్దాయిలుగా చేర్చి ఆపైన అప్రూవర్లుగా మార్చిన పద్ధతి ధర్మాసనానికి మింగుడుపడలేదు. ఆ తల్లి ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగింది. శవం మీద గాయాలు నిజం, చావు నిజం. దర్యాప్తు చేసినవాళ్ల అశ్రద్ధకు మూల్యం చెల్లించింది ఆమె.

సాక్షి బతికుండటం కూడా ఈ కేసుల్లో ఒక ప్రశ్నే. వాశిలో లఖన్ భయ్యాతో పాటు ఎత్తుకెళ్లిన స్నేహితుడు ప్రాసిక్యూషన్‌కు ముఖ్యమైన సాక్షి. కోర్టులో సాక్ష్యం చెప్పే రోజు దగ్గరపడగా 2011 మార్చిలో అతను కనిపించకుండా పోయాడు. తర్వాత హత్యకు గురైన అతని శవం దొరికింది. అయినా శిక్షలు నిలిచాయంటే, అప్పటికే కాగితం మీదికెక్కిన ఆధారాలు, ఫోన్ కాల్ రికార్డులు అంత బలంగా ఉండబట్టే.

మన దగ్గర

తెలుగునేల మీద ఇలాంటి అప్పీళ్లు తక్కువ. కేసు విచారణ దాకా వెళ్లడమే కష్టం కావడం దానికి కారణం. 1978 మార్చిలో హైదరాబాద్ నల్లకుంట స్టేషన్‌లో ఒక మహిళపై అత్యాచారం జరిగిందని, ఆమె భర్త, రిక్షా కార్మికుడు, పోలీసుల దెబ్బలకు చనిపోయాడని నగరం భగ్గుమంది. కాల్పులు జరిగాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. కేసును కర్ణాటకలోని రాయచూరుకు మార్చారు. 1981లో అక్కడి సెషన్స్ కోర్టు పోలీసులను నిర్దోషులన్నది. కమిషన్ ముందు నిలిచిన మాట కోర్టు ముందు నిలవకపోవడానికి కారణం చట్టంలోనే ఉంది. కమిషన్‌కు చెప్పిన సాక్ష్యం కోర్టులో రుజువుగా పనికిరాదు. అక్కడ అన్నీ మొదటి నుంచీ మళ్లీ నిరూపించాలి.

ఎన్‌కౌంటర్ల విషయంలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2009 ఫిబ్రవరి 6న ఇచ్చిన తీర్పు దేశంలోనే పెద్ద ముందడుగు. ఎన్‌కౌంటర్ చావు జరిగితే కాల్చిన పోలీసుల మీద నరహత్య కింద ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలి, ఆత్మరక్షణ అన్నది దర్యాప్తు అధికారి తేల్చే విషయం కాదు, కోర్టులో రుజువు చేసుకోవాల్సిన విషయం అని చెప్పింది. కె.జి. కన్నబిరాన్, కె. బాలగోపాల్ లాంటి పౌరహక్కుల న్యాయవాదులు దశాబ్దాలపాటు కోర్టుల్లో వాదిస్తూ వచ్చిన మాట అది. ఆ ఏడాదే సుప్రీంకోర్టు దాని మీద స్టే ఇచ్చింది. 2014 సెప్టెంబర్‌లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు 16 మార్గదర్శకాలు ఇచ్చింది. ఎఫ్‌ఐఆర్, సీఐడీతో గానీ వేరే స్టేషన్ బృందంతో గానీ దర్యాప్తు, మెజిస్ట్రేట్ విచారణ అందులో ఉన్నాయి. కాల్చినవాళ్లనే ముద్దాయిలుగా చేర్చాలన్న మాట మాత్రం అందులో అంత సూటిగా లేదు.

2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ అని పిలిచిన యువతిపై అత్యాచారం, హత్య కేసులో నిందితులు నలుగురిని పోలీసులు కాల్చిచంపినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. జస్టిస్ వి.ఎస్. సిర్పుర్కర్ కమిషన్ ఆధారాలు పరిశీలించి, నిందితులు పిస్టళ్లు లాక్కున్నారన్న మాట నమ్మదగ్గది కాదని, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసులను హత్య నేరం కింద విచారించాలని చెప్పింది. 2022 మేలో సుప్రీంకోర్టు ఆ నివేదికను తెలంగాణ హైకోర్టుకు పంపింది. 2024లో హైకోర్టు నివేదికపై చర్యలకు మధ్యంతర స్టే ఇచ్చింది. పూలు చల్లినవాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. ఆ యువతికి జరిగింది తలచుకుంటే ఎవరి మనసైనా రగులుతుంది. ఆ నలుగురూ దోషులో కాదో తేల్చాల్సిన విచారణ మాత్రం ఎప్పటికీ జరగదు. వాళ్లను కాల్చినవాళ్లు దోషులో కాదో తేల్చాల్సిన విచారణ కూడా ఇంకా మొదలే కాలేదు. అప్పీలు సంగతి ఇక ఎక్కడ?

1985లో చంద్రచూడ్ మాట విన్నాక లా కమిషన్ అదే ఏడాది 113వ నివేదిక ఇచ్చింది. సాక్ష్యాల చట్టంలో 114-బి అనే కొత్త సెక్షన్ పెట్టమంది. పోలీసు కస్టడీలో ఉండగా మనిషికి గాయాలైతే, వాటిని ఆ కస్టడీలో ఉంచుకున్న అధికారే చేశాడని కోర్టు అనుకోవచ్చన్నది దాని సారం. అనుకోవాలి అని కాదు, అనుకోవచ్చు. కస్టడీ ఎంతసేపు, బాధితుడు ఏం చెప్పాడు, డాక్టరు ఏమన్నాడు, మెజిస్ట్రేట్ ఏం రాసుకున్నాడు అన్నవి చూశాకే. అధికారి తన వివరణ ఇచ్చుకోవచ్చు. వివరణ నమ్మదగ్గదైతే బయటపడతాడు. నిజంగా తప్పు చేయని ఏ పోలీసుకూ ఈ సెక్షన్ వల్ల వచ్చే ముప్పు లేదు. 1994లో 152వ నివేదికలో లా కమిషన్ మళ్లీ అడిగింది. 2017లో హింస నిషేధంపై ఇచ్చిన 273వ నివేదికలో మూడోసారి అడిగింది.

2023లో పార్లమెంటు సాక్ష్యాల చట్టాన్నే మొత్తంగా మార్చి రాసింది. సెక్షన్ల నంబర్లు మారాయి, పాత 106 ఇప్పుడు 109 అయింది. భారతీయ సాక్ష్య అధినియంలో 114-బి లాంటి సెక్షన్ మాత్రం ఎక్కడా లేదు. దాన్ని చేర్చడానికి ఒక సవరణ బిల్లు చాలు. ముసాయిదా కూడా కొత్తగా రాయనక్కర్లేదు, లా కమిషన్ రాసిపెట్టే ఉంది. తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభకు వెళ్లిన 42 మంది ఎంపీలలో ఒకరైనా ప్రైవేటు బిల్లుగానైనా దాన్ని సభలో పెట్టాలి.